టెర్మినల్ 8 అంటోంది, బిల్డ్ మాత్రం 17తో వస్తోంది

పేరు వేయవద్దని కోరిన ఒక డెవలపర్ రాసిన ఉత్తరం ఇది. చాలా పొడవుగా ఉంది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం చెబుతాను. ఆమె ఒకే లినక్స్ ల్యాప్‌టాప్ మీద మూడు ప్రాజెక్టులు చూసుకుంటున్నారు. పాతది ఇప్పటికీ జావా 8 మీదే నడుస్తోంది. రెండోది 17 మీద, ఈ మధ్య మొదలైనది 21 మీద ఉన్నాయి. ఒక ప్రాజెక్టు నుంచి ఇంకోదానికి మారినప్పుడల్లా టెర్మినల్ మొదలవగానే చదివే బాష్‌ఆర్‌సీ అనే సెట్టింగుల ఫైలు తెరిచి, జావా ఎక్కడుందో చెప్పే జావా హోమ్ దారి మార్చి, టెర్మినల్ మూసి మళ్లీ తెరుస్తారు. ఒక్కోసారి అది మర్చిపోయి, అప్‌డేట్ ఆల్టర్నేటివ్స్ కమాండ్‌తో సిస్టమ్ లింకు మాత్రం మార్చి సరిపెట్టుకుంటారు.

పోయిన నెల పాత ప్రాజెక్టులో చిన్న మార్పు చేసి, మావెన్ అనే బిల్డ్ టూల్‌తో బిల్డ్ చేసి, వచ్చిన జార్‌ను (నడపడానికి సిద్ధమైన ప్రోగ్రాం ఫైలును) టెస్ట్ సర్వర్‌కు పంపారు. అక్కడ అది లేవలేదు. క్లాస్ ఫైల్ (కంపైల్ అయిన కోడ్ ఫైలు) వెర్షన్ 61 అని, ఆ సర్వర్‌లోని జావాకు 52 వరకే తెలుసని ఎర్రర్ వచ్చింది. పంపే ముందు టెర్మినల్‌లో జావా వెర్షన్ చూసుకున్నారట, 8 అనే కనిపించిందట. టెస్టింగ్ వాళ్ల పని ఒక పూట ఆగిపోయింది. మీటింగ్‌లో సీనియర్ అందరి ముందు "ముందు నీ మెషీన్ సరిగ్గా పెట్టుకో" అన్నారు. ఆమె మాటల్లోనే: "నాకు జావా వచ్చు. కానీ నా మెషీన్‌లో ఏ జావా నడుస్తోందో చెప్పలేకపోతున్నాను. ఇప్పుడు ప్రతి బిల్డ్‌కూ టెన్షనే." ఒక సహోద్యోగి వెర్షన్లు మార్చుకునే టూల్ ఎస్‌డీకేమ్యాన్ పెట్టుకోమన్నారు, ఇంకొకరు అలాంటిదే అయిన ఏఎస్‌డీఎఫ్ మేలన్నారు, మూడో ఆయన అన్నీ డాకర్‌లో (ప్రోగ్రాంను దానికి కావలసినవాటితో కలిపి కంటైనర్ అనే విడి పెట్టెలో నడిపే టూల్‌లో) పెట్టేయమన్నారు. ఇంటర్నెట్ నుంచి స్క్రిప్టు తెచ్చి నేరుగా నడిపించడం ఆమెకు భయం. మొత్తం ఫార్మాట్ చేసి మొదటి నుంచి మొదలుపెడితే పోతుందా అని కూడా అడిగారు.

ముందు ఆ జార్ సంగతి తేలుద్దాం. మీకు నిద్ర లేకుండా చేస్తున్నది అదే. టెర్మినల్ మీకు చూపించిన 8 నిజమే, బిల్డ్ 17తో జరిగిందీ నిజమే. టెర్మినల్‌లో జావా అని కొట్టినప్పుడు షెల్ (కమాండ్లు నడిపే ప్రోగ్రాం), పాత్ అనే జాబితాలోని ఫోల్డర్లను వరసగా వెతుకుతుంది. ఆ పేరుతో మొదట ఏ ప్రోగ్రాం దొరికితే దాన్నే నడుపుతుంది. మావెన్ అలా వెతకదు. జావా హోమ్ అనే వేరియబుల్‌లో ఏ దారి రాసి ఉందో ముందు అది చూస్తుంది, అది ఖాళీగా ఉంటేనే పాత్ వైపు వెళ్తుంది. గ్రాడిల్ అనే ఇంకో బిల్డ్ టూల్ కూడా అంతే. ఆల్టర్నేటివ్స్ కమాండ్‌తో మీరు మార్చింది సిస్టమ్ ఫోల్డర్‌లో ఉన్న లింకుని. అందుకే జావా వెర్షన్ అడిగితే 8 అని జవాబొచ్చింది. బాష్‌ఆర్‌సీలో జావా హోమ్ ఇంకా 17 వైపే ఉంది కాబట్టి మావెన్ 17తోనే కంపైల్ చేసింది. ఏ జావాకు సరిపోయేలా కంపైల్ చేయాలో మీ ప్రాజెక్టు ఫైలు నడుస్తున్న జావాకే వదిలేసి ఉండాలి, అందుకే 61 వచ్చింది. మీరు చూసుకున్నారు, కానీ బిల్డ్ వాడే జావా అది కాదు. ఇది నిర్లక్ష్యం కిందికి రాదు.

కాబట్టి ఇక నుంచి బిల్డ్ ముందు జావా వెర్షన్ కాకుండా మావెన్ వెర్షన్ అడగండి. తన వెర్షన్‌తో పాటు తాను ఏ జావాతో నడుస్తోందో, అది ఏ ఫోల్డర్‌లో ఉందో కూడా చెబుతుంది. గ్రాడిల్‌కూ అలాంటి కమాండే ఉంది. మీ హోమ్ ఫోల్డర్‌లో మావెన్‌ఆర్‌సీ అనే దాక్కున్న ఫైలు ఉందేమో కూడా చూడండి. ఉంటే మావెన్ మొదలవగానే దాన్ని చదువుతుంది. ఎప్పుడో ఎవరో చెబితే అందులో జావా హోమ్ రాసి మర్చిపోయినవాళ్లు ఉంటారు. జార్ తయారైపోయాక అనుమానం వస్తే, లోపలి ఏదైనా ఒక క్లాస్‌ను జావాపీ టూల్‌తో వివరంగా తెరిస్తే మేజర్ వెర్షన్ కనిపిస్తుంది. అందులోంచి 44 తీసేస్తే జావా వెర్షన్ వస్తుంది. 52 అంటే 8, 61 అంటే 17, 65 అంటే 21. ఈ లెక్క ఒక్కటి గుర్తుంటే ఆ ఎర్రర్ ఇకపై మిమ్మల్ని భయపెట్టదు.

మీ సీనియర్ మాట గురించి నా అభిప్రాయం దాచుకోను. ఒక వ్యక్తి ల్యాప్‌టాప్‌లో తయారైన జార్ టెస్ట్ సర్వర్ దాకా వెళ్లగలిగిందంటే లోపం ఆ పద్ధతిలో ఉంది. ఎన్ని వెర్షన్లు పెట్టుకున్నా, ఎంత జాగ్రత్తగా ఉన్నా, మనిషి జ్ఞాపకం మీద ఆధారపడిన బిల్డ్ ఏదో ఒకరోజు తప్పుతుంది. ఆ రోజు మీ వంతు వచ్చింది. ఏ ప్రాజెక్టుకు ఏ జావా కావాలో మీ తలలో ఉంది, మీ బాష్‌ఆర్‌సీలో ఉంది, ప్రాజెక్టులో మాత్రం లేదు. వెర్షన్ ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే, కోడ్‌తో పాటు రాసి ఉండాలి. మీకు వచ్చిన మూడు సలహాలూ దీన్నే మూడు రకాలుగా చేస్తాయి. అందుకే వాటిలో ఏది మంచిదనే వాదనకు అంతగా తల పట్టుకోకండి. ఏది ఎంతవరకు కాపాడుతుందో చూసి ఎంచుకోండి.

ఏ టూలూ పెట్టుకోకుండానే ఇవాళే చేయగలిగినది ఒకటుంది. మావెన్‌కు ఎన్‌ఫోర్సర్ అనే ప్లగిన్ ఉంది. దానిలో జావా వెర్షన్ నిబంధన పెడితే, పాత ప్రాజెక్టును 8 కాకుండా వేరే జావాతో బిల్డ్ చేయబోయినప్పుడు మొదట్లోనే ఆగిపోతుంది. పామ్ అనే మావెన్ ప్రాజెక్టు ఫైలులో కొన్ని లైన్లు చాలు. వెర్షన్ మార్చే కష్టం ఇది తీర్చదు. తప్పుడు జార్ బయటికి వెళ్లకుండా మాత్రం ఆపుతుంది. మీ భయం తగ్గాలంటే ముందు ఇదే చేయండి. నిబంధన రాసేటప్పుడు హద్దులు సరిగ్గా ఇవ్వండి, ఉత్త 1.8 అని రాస్తే "అంతకన్నా పెద్దదైనా ఫర్వాలేదు" అని అర్థం చేసుకుంటుంది. 1.8 నుంచి 1.9 లోపు అని రెండు వైపులా గీత గీయాలి.

ఇక ఎస్‌డీకేమ్యాన్. మీరు వాడుతున్న షెల్ బాష్, మీ మూడు ప్రాజెక్టులూ జావావే కాబట్టి మీకు సూటిగా సరిపోయేది ఇదేనని నా అభిప్రాయం. మొదట్లో దీన్ని జీవీఎం అని పిలిచేవారు, గ్రూవీ భాష కోసం పుట్టింది. ఇప్పుడు జావాతో పాటు మావెన్, గ్రాడిల్, కోట్లిన్, స్కాలా లాంటివి కూడా దీనితో పెట్టుకోవచ్చు. అన్నీ మీ హోమ్ ఫోల్డర్‌లోనే ఒక దాక్కున్న ఫోల్డర్‌లో ఉంటాయి, అడ్మిన్ పాస్‌వర్డ్ అక్కర్లేదు. కమాండ్లు పలికినట్టే రాస్తున్నాను: ఎస్‌డీకే లిస్ట్ జావా అంటే దొరికే వెర్షన్లన్నీ చూపిస్తుంది, ఎస్‌డీకే ఇన్‌స్టాల్ జావా అని పక్కన వెర్షన్ పేరిస్తే దించుకుంటుంది. ఎస్‌డీకే యూజ్ అంటే ఆ ఒక్క టెర్మినల్‌కే మారుతుంది, పక్క టెర్మినల్ జోలికి వెళ్లదు. ఎస్‌డీకే డిఫాల్ట్ అంటే ఇకపై తెరిచే టెర్మినళ్లన్నిటికీ మారుతుంది. మీకు ముఖ్యమైన సంగతి వేరే ఉంది. ఇది పాత్‌నూ జావా హోమ్‌నూ రెండింటినీ కలిపి మారుస్తుంది. మీ జార్‌ను ముంచిన ఆ తేడా ఇక్కడ రాదు.

ఒక షరతు ఉంది. ఎస్‌డీకేమ్యాన్ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు బాష్‌ఆర్‌సీ చివర తన లైన్లు చేర్చుకుంటుంది. వాటి కింద మీ పాత జావా హోమ్ లైను ఉంటే అదే గెలుస్తుంది, మళ్లీ మొదటికొస్తారు. ఆ పాత లైన్లన్నీ తీసేయండి. ప్రొఫైల్ ఫైలులోనూ, సిస్టమ్ ఎన్విరాన్‌మెంట్ ఫైలులోనూ ఉన్నాయేమో వెతకండి. సగం పాతది, సగం కొత్తది ఉంచుకోవడం అన్నిటికన్నా ప్రమాదం.

తర్వాత పాత ప్రాజెక్టు ఫోల్డర్‌లోకి వెళ్లి ఎస్‌డీకే ఎన్వ్ ఇనిట్ అనండి. ఎస్‌డీకేమ్యాన్‌ఆర్‌సీ అనే చిన్న ఫైలు తయారవుతుంది, అందులో ప్రస్తుత జావా వెర్షన్ ఒక లైనుగా ఉంటుంది. దాన్ని ఆ ప్రాజెక్టుకు కావలసిన 8కి మార్చి, గిట్‌లో కమిట్ చేయండి. ఇక ఆ ఫోల్డర్‌లో ఎస్‌డీకే ఎన్వ్ అంటే చాలు, ఫైలులో ఉన్న వెర్షన్‌కు మారుతుంది. కొత్తగా చేరినవాళ్లు ఎస్‌డీకే ఎన్వ్ ఇన్‌స్టాల్ అంటే వాళ్ల మెషీన్‌లో లేనిది దించుకుంటుంది కూడా. ఫోల్డర్‌లోకి అడుగు పెట్టగానే దానంతట అదే మారాలంటే కాన్ఫిగ్ ఫైలులో ఆటో ఎన్వ్ అనే సెట్టింగును ట్రూ చేయాలి, మొదట్లో అది ఆఫ్‌లో ఉంటుంది. నేనైతే ఆన్ చేసుకోమంటాను. మర్చిపోవడమే కదా మీ అసలు ఇబ్బంది.

వెర్షన్ల జాబితా చూసినప్పుడు కంగారు పడకండి. ఒక్క 17కే టెమురిన్, కొరెట్టో, జూలూ, లిబెరికా, ఒరాకిల్ అంటూ చాలా పేర్లు కనిపిస్తాయి. ఇవన్నీ ఓపెన్‌జేడీకే అనే ఒకే మూలం నుంచి వేర్వేరు సంస్థలు తయారుచేసి ఇచ్చే బిల్డులు. మీ సర్వర్‌లో ఏ సంస్థ బిల్డ్ నడుస్తోందో అడిగి తెలుసుకుని అదే పెట్టుకోండి. తెలియకపోతే టెమురిన్ తీసుకోండి. ఒరాకిల్ బిల్డ్ విషయంలో లైసెన్స్ నిబంధనలు వెర్షన్‌ను బట్టి, అప్‌డేట్‌ను బట్టి మారతాయి. ఆఫీసు పనికి వాడే ముందు అడగాల్సినవాళ్లను అడగండి, మీ అంతట మీరు నిర్ణయం తీసుకోకండి.

ఎస్‌డీకేమ్యాన్‌లో నాకు నచ్చనిది కూడా చెప్పాలి. ఆ ఫైలులో "జావా 17" అని పైపైన రాస్తే కుదరదు, చివరి అంకె దాకా, సంస్థ పేరుతో సహా పూర్తి వెర్షన్ రాయాలి. కొన్నాళ్లకు పాత అప్‌డేట్లు జాబితాలోంచి తీసేస్తారు. మీ మెషీన్‌లో అప్పటికే ఉంది కాబట్టి మీకు పని చేస్తూనే ఉంటుంది, జాబితాలో దాని పక్కన లోకల్ ఓన్లీ అని కనిపిస్తుంది. కొత్తగా చేరినవాళ్లకు మాత్రం దొరకదు. సెక్యూరిటీ అప్‌డేట్లు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఆ లైను మార్చే బాధ్యత తీసుకోవాలి. అదేమంత పెద్ద పని కాదు, కానీ ఎవరిదో తేల్చకపోతే ఎవరూ చేయరు.

స్క్రిప్టు గురించి మీ భయం న్యాయమైనదే, దాన్ని పోగొట్టుకోకండి. ఎక్కడి నుంచో వచ్చిన దాన్ని చదవకుండా బాష్‌కు అప్పగించకపోవడం మంచి అలవాటు. దారి సులువే: కర్ల్ అనే డౌన్‌లోడ్ కమాండ్‌తో దించిన స్క్రిప్టును నేరుగా బాష్‌లోకి పంపకుండా ఒక ఫైలులో దాచుకోండి. ఎడిటర్‌లో తెరిచి చదవండి, అది మామూలు బాష్ కోడే, మీకు అర్థమవుతుంది. ఏ ఫోల్డర్లు తయారు చేస్తోందో, ఏ ఫైళ్లలో లైన్లు చేరుస్తోందో చూసి, అప్పుడు నడపండి. ఆఫీసు నెట్‌వర్క్ బయటి నుంచి దించుకోనివ్వకపోతే మీ దగ్గర ఇప్పటికే ఉన్న జేడీకే (జావా, దాని కంపైలర్ కలిసిన ప్యాకేజీ) ఫోల్డర్లను కూడా ఇందులో నమోదు చేయవచ్చు. ఇన్‌స్టాల్ కమాండ్‌కు మీరు పెట్టిన ఒక చిన్న పేరు, ఆ ఫోల్డర్ దారి ఇస్తే సరిపోతుంది. నచ్చకపోతే ఆ దాక్కున్న ఫోల్డర్, బాష్‌ఆర్‌సీలోని ఆ లైన్లు తీసేస్తే ఎస్‌డీకేమ్యాన్ ఇక ఉండదు.

ఏఎస్‌డీఎఫ్ గానీ, అలాంటిదే అయిన మీజ్ గానీ ఎప్పుడు మేలంటే, మీ పనిలో జావాతో పాటు నోడ్, పైథాన్ లాంటివి కూడా కలిసి ఉన్నప్పుడు. అప్పుడు నోడ్‌కు ఎన్‌వీఎం, పైథాన్‌కు పైఎన్వ్, జావాకు ఎస్‌డీకేమ్యాన్ అంటూ మూడు పెట్టుకునే బదులు అన్ని వెర్షన్లూ టూల్ వెర్షన్స్ అనే ఒకే ఫైలులో ఉంటాయి. ఒక చిక్కు గుర్తుంచుకోండి: ఏఎస్‌డీఎఫ్‌లో జావా పెట్టినంత మాత్రాన జావా హోమ్ మారదు, దానికి జావా ప్లగిన్ ఇచ్చే ఒక చిన్న స్క్రిప్టును బాష్‌ఆర్‌సీలో చేర్చాలి. అది తెలియక ఏఎస్‌డీఎఫ్‌కు మారినవాళ్లు సరిగ్గా మీకు వచ్చిన ఇబ్బందిలోనే పడతారు. మీ ఉత్తరంలో జావా తప్ప ఇంకే భాషా కనిపించలేదు కాబట్టి ఇప్పటికి దీన్ని పక్కన పెట్టవచ్చు.

డాకర్ సలహా ఇచ్చినాయన చెప్పింది తప్పు కాదు. సర్వర్‌లో ఉన్న జావానే కంటైనర్‌లో పెట్టి బిల్డ్ చేస్తే తేడాలకు చోటుండదు. కానీ రోజంతా కోడ్ రాస్తూ, డీబగ్ చేస్తూ ఉండేవాళ్లకు ప్రతిదీ కంటైనర్‌లోంచి నడపాలంటే ఎడిటర్‌ను దానికి కలపాలి, డిపెండెన్సీల ఫోల్డర్ పంచుకోవాలి, ఫైళ్ల పర్మిషన్లు సరిచూసుకోవాలి. బయటికి వెళ్లే జార్ తయారు చేయడానికి కంటైనర్ సరైన చోటు. మీ టేబుల్ మీద రోజువారీ పనికి అంత బరువు అక్కర్లేదు.

మీకు ఎవరూ చెప్పని దారి ఇంకొకటుంది, దీర్ఘకాలానికి నేను ఎక్కువ నమ్మేది దాన్నే. బిల్డ్ టూల్‌ను నడిపే జావా వేరు, మీ కోడ్‌ను కంపైల్ చేసే జావా వేరు కావచ్చు. గ్రాడిల్‌లో టూల్‌చైన్ అనే ఏర్పాటు 6.7 వెర్షన్ నుంచి ఉంది. బిల్డ్ ఫైలులో ఈ ప్రాజెక్టుకు జావా 8 అని రాస్తే, గ్రాడిల్ తాను 17 మీద నడుస్తున్నా సరే, కంపైల్ చేయడానికీ టెస్టులు నడపడానికీ 8నే వెతికి వాడుతుంది. ఎస్‌డీకేమ్యాన్‌తో పెట్టుకున్న జేడీకేలను అది తనంతట తానే గుర్తుపడుతుంది. గ్రాడిల్ 9ని నడపాలంటే కనీసం జావా 17 కావాలి కాబట్టి పాత కోడ్ ఉన్నవాళ్లకు ఇది ఇంకా అవసరం. మావెన్‌లోనూ టూల్‌చైన్స్ ఉంది, కానీ ఏ జేడీకే ఎక్కడుందో ప్రతి మెషీన్‌లో ఒక ఫైలులో రాసుకోవడం మామూలు పద్ధతి. ఇది కుదిరితే టెర్మినల్‌లో ఏ జావా ఉన్నా బిల్డ్ సరిగ్గా వస్తుంది. కానీ బిల్డ్ ఫైలు మార్చడమంటే టీమ్ అంతా ఒప్పుకోవాలి, మీరొక్కరే చేసేది కాదు.

ఈ మాట చెబితే ఎవరో ఒకరు "అంత అక్కర్లేదు, 17తోనే కంపైల్ చేసి టార్గెట్ 8 అని పెడితే చాలు" అంటారు. జాగ్రత్త. సోర్స్, టార్గెట్ అనే రెండు సెట్టింగులు క్లాస్ ఫైల్ నంబరును 52గా రాస్తాయి కానీ, మీరు వాడిన లైబ్రరీ మెథడ్లు 8లో ఉన్నాయా లేదా అని చూడవు. బైట్ బఫర్‌లోని ఫ్లిప్ మెథడ్ దీనికి పేరుమోసిన ఉదాహరణ. జావా 9లో అది తిరిగిచ్చే టైపు మారింది. టార్గెట్ 8 పెట్టి కొత్త జావాతో కంపైల్ చేస్తే జార్ బాగానే లేస్తుంది, ఆ లైను దగ్గరికి వచ్చాక అలాంటి మెథడ్ లేదంటూ సర్వర్‌లో పడిపోతుంది. లేవగానే పడిపోవడం కన్నా ఇది ఘోరం. జావా 9 నుంచి రిలీజ్ అనే ఆప్షన్ వచ్చింది, దానికి 8 అని ఇస్తే ఆనాటి లైబ్రరీతోనే సరిచూస్తుంది. కొత్త జావాతో పాత దానికి కంపైల్ చేయక తప్పకపోతే అదే వాడండి. టెస్టులు మాత్రం నిజమైన 8 మీదే నడపాలి.

ఏ దారి ఎంచుకున్నా రెండు చోట్ల టెర్మినల్ మాట చెల్లదు. ఒకటి ఐడీఈ, అంటే కోడ్ రాసి, నడిపి చూసుకునే ఎడిటర్ ప్రోగ్రాం. మెనూలోంచి తెరిచిన ఐడీఈ మీ బాష్‌ఆర్‌సీని చదవకపోవచ్చు, పైగా ప్రాజెక్టుకు ఒక జావా, గ్రాడిల్‌కు ఇంకో జావా అని దాని సెట్టింగులు దానికున్నాయి. అక్కడ కూడా వెర్షన్ ఫోల్డర్‌ను విడిగా చూపించాలి. ఎస్‌డీకేమ్యాన్‌లోని కరెంట్ అనే లింకును చూపిస్తే, మీరు డిఫాల్ట్ మార్చిన రోజున ఐడీఈ కింద కూడా జావా మారిపోతుంది. రెండోది, లినక్స్‌లో ప్రోగ్రాంలను వాటంతటవే మొదలయ్యేలా చేసే క్రాన్, సిస్టమ్‌డీ లాంటివి నడిపే పనులు. అవి మీ షెల్ సెట్టింగులను తెచ్చుకోవు, వాటికి జావా పూర్తి దారి రాయడమే క్షేమం.

సీనియర్‌తో మాట్లాడాలా వద్దా అనేది మీ ఇష్టం, రెండింటికీ ఫలితాలున్నాయి. మాట్లాడకుండా మీ మెషీన్ ఒక్కటే బాగుచేసుకుంటే మీకు ప్రశాంతత వస్తుంది, కానీ ఇదే తప్పు పక్కవాళ్లకు జరుగుతుంది, మీ మీద పడిన మాట అలాగే ఉంటుంది. మీటింగ్‌లో అన్న మాటకు మీటింగ్‌లోనే జవాబివ్వాలని మీకు అనిపించవచ్చు, అది సహజం. అక్కడ మాట పెరిగితే అసలు విషయం పక్కకు పోతుంది. నేనైతే ముందు విడిగా కలవమంటాను. జార్ 17తో ఎలా వచ్చిందో, జావా హోమ్‌కూ పాత్‌కూ తేడా ఏమిటో చూపించండి. ఎన్‌ఫోర్సర్ నిబంధన, ఎస్‌డీకేమ్యాన్‌ఆర్‌సీ ఫైలు పెట్టిన మార్పును పక్కనే ఉంచండి. "ఇకపై ఇది ఎవరికీ జరగకుండా ఈ మార్పు తెచ్చాను, రివ్యూ చేస్తారా" అని అడగండి. టెస్ట్ సర్వర్‌కు వెళ్లే జార్‌లు ల్యాప్‌టాప్‌ల నుంచి కాక బిల్డ్ సర్వర్ నుంచే వెళ్లాలని కూడా అడగండి. అందరి ముందు అన్న మాట బాధ పెట్టిందని చెప్పాలనిపిస్తే అదీ అక్కడే, నెమ్మదిగా చెప్పండి. మీకు ఆ హక్కు ఉంది.

ఫార్మాట్ మాత్రం వద్దు. చెడింది ఆపరేటింగ్ సిస్టమ్ కాదు, నాలుగైదు చోట్ల చెదిరి ఉన్న సెట్టింగులు. ఫార్మాట్ చేసినా పాత పద్ధతిలోనే మళ్లీ పెట్టుకుంటే కొన్నాళ్లకు ఇక్కడికే వస్తారు. పాత జేడీకే ఫోల్డర్లను కూడా తొందరపడి తీసేయకండి. ముందు బాష్‌ఆర్‌సీ శుభ్రం చేయండి, మూడు ప్రాజెక్టులూ కొత్త ఏర్పాటుతో బిల్డ్ అవుతున్నాయని, ఐడీఈలో తెరుచుకుంటున్నాయని చూసుకోండి. ఆ తర్వాత సిస్టమ్ ప్యాకేజీలుగా ఉన్న పాత జావాలను ఒక్కొక్కటిగా తొలగించండి. తొలగించే ముందు ప్యాకేజీ మేనేజర్ ఏ ఇతర ప్రోగ్రాంలను కూడా తీసేస్తానంటోందో చదవండి. లిబ్రె ఆఫీస్ లాంటివి దాని మీద ఆధారపడి ఉంటే ఆ ఒక్క జావాను ఉండనివ్వండి. మీ ప్రాజెక్టులు ఇక దాని వైపు చూడవు కాబట్టి అది ఉన్నా ఇబ్బంది లేదు.